తూకం ఆగిన వారాల్లో ఆకలి సంగతి



అన్నం తగ్గించి బరువు తగ్గుదామని మొదలుపెట్టినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది కథ ఒకే తీరుగా నడుస్తుంది. మొదటి వారం అన్నం, ఇడ్లీ, చపాతీ, పంచదార అన్నీ పక్కన పెడతారు. వారం తిరిగేసరికి తూకంలో రెండు మూడు కిలోలు తగ్గినట్టు కనిపిస్తుంది. ఇంటిల్లిపాదికీ చెప్పుకుంటారు. రెండో వారం అరకిలో తగ్గుతుంది. మూడో వారం ఏమీ ఉండదు. నాలుగో వారం పావుకిలో పెరిగినట్టు కూడా చూపిస్తుంది. ఐదో వారానికి "ఇది నా ఒంటికి పడలేదులే" అని మళ్ళీ కంచం నిండా వడ్డించుకుంటారు.

ఆ ఐదో వారం గురించి మాట్లాడదామని వచ్చాను. అలా మానేసినవాళ్ళు కనబడితే నేనొక మాట అడుగుతుంటాను. "సాయంత్రం నాలుగయ్యేసరికి ఆకలి ఎలా ఉంటోంది?" అని. కాసేపు ఆలోచించి, "అవునండీ, ఈ మధ్య ఆ వేళకి చిరుతిండి మీదికి మనసు పోవడం లేదు" అంటారు చాలామంది. బరువు కంటే ముందు మారింది అదే. దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. పిండి పదార్థాలు తగ్గించిన భోజనం మనిషికి చేసే పెద్ద మేలు ఆకలి నెమ్మదించడం. బరువు దాని వెనకాల, నెలల మీద, తన నడకన తాను తగ్గుతుంది. ఆకలిని గమనించడం మానేసి రోజూ తూకం ఎక్కుతూ కూర్చుంటే, పని చేస్తున్న పద్ధతిని కూడా చేజేతులా వదిలేసుకుంటాం.

ముందు ఆ మొదటి వారం సంగతి చెప్పుకుందాం, ఎందుకంటే ఆశంతా అక్కడే పుడుతుంది. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజన్ అనే రూపంలో చక్కెర నిల్వ ఉంటుంది. పెద్దవాళ్ళలో అది సుమారు అర కిలో. ఆ నిల్వ ఒక్కటే ఉండదు, ప్రతి గ్రాము గ్లైకోజన్ తనతో మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, గోధుమలు, చక్కెర తగ్గగానే శరీరం ముందు ఈ నిల్వను వాడుకుంటుంది, దాన్ని అంటుకున్న నీరు మూత్రంలో పోతుంది. ఇన్సులిన్ కూడా తగ్గుతుంది కనుక మూత్రపిండాలు ఉప్పును మామూలుకన్నా ఎక్కువగా వదులుతాయి, ఉప్పుతో మరికాస్త నీరు. మొదటి వారంలో తలనొప్పి, నీరసం, రాత్రిపూట పిక్కలు పట్టేయడం చాలామందికి ఇందువల్లే. అంటే అప్పుడు తగ్గిన రెండు మూడు కిలోల్లో ఎక్కువ భాగం నీరు. కొవ్వు లెక్క వేరు. ఒంట్లో పేరుకున్న కొవ్వు ఒక కిలో కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. రోజుకు 500 కేలరీలు తక్కువ తిన్నా దానికి పదిహేను రోజులు పడుతుంది. 250 తక్కువ తింటే నెల. మొదటి వారం వేగాన్ని కొలబద్దగా పెట్టుకున్నవాళ్ళకి, నెలకు కిలో తగ్గడం ఓటమిలా కనిపిస్తుంది. అదే అసలు వేగం అని వాళ్ళకు ఎవరూ ముందుగా చెప్పరు.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టింది కాదు. 1862లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన ఉండేవాడు. అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారం ఆ కుటుంబానిది, రాజకుటుంబపు అంత్యక్రియలు కూడా వాళ్ళే చూసేవారు. ఆయనకు అప్పటికి అరవై దాటాయి. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, బరువు 202 పౌండ్లు, మన లెక్కలో 92 కిలోల దాకా. వంగి బూటు తాళ్ళు కట్టుకోలేకపోయేవాడు. మోకాళ్ళ మీద భారం పడకుండా మెట్లు వెనక్కి తిరిగి దిగేవాడు. బరువు తగ్గడానికి ఎవరు ఏది చెప్తే అది చేశాడు. అందులో ఒకటి, రోజూ పొద్దున్నే రెండు గంటలపాటు పడవ తెడ్డు వెయ్యడం. దాంతో కండబలం వచ్చింది. దాంతోపాటే విపరీతమైన ఆకలీ వచ్చింది. ఆ ఆకలికి తగ్గట్టు తినక తప్పలేదు, బరువు ఇంకా పెరిగింది. చివరికి తెడ్డు వెయ్యడమే మానుకున్నాడు. ఆయన రాసుకున్న అనుభవాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే. ఆయన దగ్గర పట్టుదలకు లోటు లేదు. ఆకలి ఆ పట్టుదలను మించిపోయింది.

తరవాత చెవులు సరిగా వినబడక విలియం హార్వీ అనే చెవి వైద్యుడి దగ్గరకు వెళ్ళాడు. ఆ హార్వీ అంతకు ముందు పారిస్‌లో క్లోద్ బెర్నార్ మధుమేహం గురించి చేసిన ఉపన్యాసాలు విని వచ్చినవాడు. రొట్టె, చక్కెర, పాలు, బీరు, బంగాళాదుంప మానుకోమన్నాడు. మాంసం, చేప, కూరగాయలు, కొద్దిగా పళ్ళు తినమన్నాడు. ఎండు రొట్టె ముక్క మాత్రం కాస్త ఉండనిచ్చాడు. బాంటింగ్ రోజుకు నాలుగు పూటలా తిన్నాడు. ఏడాదిలో 46 పౌండ్లు, అంటే సుమారు 21 కిలోలు తగ్గాడు. నడుము పన్నెండు అంగుళాలకు పైగా తగ్గింది. ఆ సంతోషం పట్టలేక 1863లో సొంత ఖర్చుతో చిన్న పుస్తకం అచ్చు వేయించి పంచాడు. అది ఇంగ్లండ్ అంతా పాకింది.

ఆ పుస్తకం పేరు చెప్పేవాళ్ళందరూ 46 పౌండ్లు అంటారు. ఏడాది అనే మాట మీద ఎవరూ ఆగరు. 46 పౌండ్లను 52 వారాలకు పంచి చూడండి, వారానికి నాలుగు వందల గ్రాములు. అది కూడా మోకాళ్ళు మొయ్యలేనంత భారంతో మొదలుపెట్టిన మనిషికి. పది కిలోలు ఎక్కువున్న మనం అంత వేగాన్ని కోరుకోవడం న్యాయం కాదు. ఆయన ఏడాదిపాటు నిలబడగలిగింది నాలుగు పూటలా కడుపు నిండబట్టే అని నా నమ్మకం.

ఆకలి ఎందుకు తగ్గుతుంది? దీని మీద మంచి పరిశోధనలే జరిగాయి. అవన్నీ ఒకే మాట చెప్పవు. 2005లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, టెంపుల్ విశ్వవిద్యాలయంలో, ఊబకాయం, మధుమేహం రెండూ ఉన్న పదిమందిని ఆసుపత్రిలోనే ఉంచి చూశారు. ఒక వారం వాళ్ళ మామూలు తిండి పెట్టారు. తరవాత రెండు వారాలు పిండి పదార్థాలను రోజుకు సుమారు 20 గ్రాములకు తగ్గించి, మిగతావి ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఎవరూ ఆపలేదు, ఎవరూ కొలిచి పెట్టలేదు. అయినా వాళ్ళ తిండి రోజుకు సగటున 3,111 కేలరీల నుంచి 2,164కు దిగింది. తమంతట తామే వెయ్యి కేలరీల దాకా తక్కువ తిన్నారు, ఆకలేస్తోందని అనలేదు.

దీనికి కారణాలు ఒకటి కాదు. అన్నం తగ్గితే ఆ స్థానంలో గుడ్డో, చేపో, పప్పో, పెరుగో కంచంలోకి వస్తుంది. మాంసకృత్తులు కడుపు నిండిన భావాన్ని ఎక్కువసేపు నిలబెడతాయి. పిండి పదార్థాలు మరీ తగ్గినప్పుడు కాలేయం కొవ్వునుంచి కీటోన్లు తయారుచేస్తుంది. మామూలుగా మనిషి బరువు తగ్గుతుంటే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ రక్తంలో పెరగాలి. కీటోన్లు ఉన్నంతకాలం అది పెరగకుండా ఆగిందని ఆస్ట్రేలియాలో చేసిన ఒక పరిశోధన 2013లో చూపించింది. వాళ్ళకు మళ్ళీ మామూలు తిండి పెట్టగానే గ్రెలిన్ పెరిగింది. ఇక మూడోది మన అందరికీ తెలిసిన అనుభవమే. పొద్దున నాలుగు ఇడ్లీలు తిని, పంచదార వేసిన కాఫీ తాగినవాళ్ళకు పదకొండింటికి మళ్ళీ కడుపు ఖాళీ అయిపోయినట్టు ఉంటుంది. రెండు గుడ్లూ, కూరా తిన్న రోజున ఆ గొడవ ఉండదు.

ఇంతవరకే చెప్పి ఊరుకుంటే నేను మీకు సగమే చెప్పినట్టు. 2021లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం ఇరవై మందికి రెండేసి వారాలు రెండు రకాల భోజనాలు పెట్టి చూసింది. ఒకటి పిండి పదార్థాలు బాగా తక్కువ, మాంసం, కొవ్వు ఎక్కువ. రెండోది కొవ్వు బాగా తక్కువ, కూరగాయలూ దుంపలూ చిక్కుళ్ళూ ఎక్కువ. కొవ్వు తక్కువ భోజనం తిన్నప్పుడు వాళ్ళు రోజుకు 689 కేలరీలు తక్కువ తిన్నారు. ఆకలి మాత్రం రెండింటిలోనూ ఒకేలా ఉందన్నారు. పిండి పదార్థాలు తక్కువున్న భోజనం తిన్నప్పుడు రెండో వారంలో తమంతట తామే కొంత తగ్గించుకున్నారు, అయినా తేడా మిగిలింది. ఈ ఫలితం చూసి కొందరు అన్నం తగ్గించడం వృథా అని తేల్చేశారు. నాకు అందులో కనిపించింది వేరే. నూనె, నెయ్యి, కొవ్వు కొంచెం చోటులోనే బోలెడు కేలరీలు దాచుకుంటాయి. గ్రాముకు తొమ్మిది. ఆకుకూరలు, సొరకాయ, బీరకాయ చాలా చోటు తీసుకుని కొంచెమే ఇస్తాయి. అన్నం తీసేసిన చోటును నూనెతో నింపామా, కూరలతో నింపామా అన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుంది.

మన తెలుగు నేల మీద ఈ విషయం బాగా పట్టించుకోవాలి. 2017, 2018 ప్రాంతాల్లో, అన్నం మాని కొవ్వు తినమనే వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి ఊరూరా మారుమోగింది. రోజుకు ఇంత కొవ్వు, ఇన్ని నిమ్మకాయలు, ఇన్ని లీటర్ల నీళ్ళు అని జనం చీటీలు రాసుకున్నారు. బరువు తగ్గామని ఎంతోమంది చెప్పారు, వైద్యుల్లో చాలామంది అభ్యంతరాలు చెప్పారు. ఆ వాదులాట లోతుల్లోకి ఇప్పుడు వెళ్ళను. మనం రోజూ ఎంత అన్నం తింటున్నామో తెలుగువాళ్ళు ఆలోచించడం ఆ రోజుల్లో బాగా పెరిగింది, అది మంచిదే. కానీ ఆకలి లేకపోయినా లెక్క ప్రకారం కొబ్బరినూనె తాగిన చాలామందిని నేను చూశాను. ఆకలి నెమ్మదించిన మనిషి చేత అదనంగా కొవ్వు తాగించడం ఆ ఆకలి చెబుతున్న మాటను తోసిపుచ్చడమే. ఆకలి లేనప్పుడు తక్కువ తింటే శరీరం ఒంట్లో ఉన్న కొవ్వును వాడుకుంటుంది. అప్పుడు బయటి కొవ్వు దేనికి?

ఇప్పుడు ఆ ఐదో వారం దగ్గరికి వద్దాం. బరువు తగ్గడం ఎందుకు నెమ్మదిస్తుంది? చాలామంది ఒంట్లో జీవక్రియ మందగించిందని అంటారు. అది కొంత నిజం. చిన్నదైన శరీరానికి తక్కువ శక్తి చాలు. కానీ పెద్ద కారణం ఆకలే. దీన్ని తేల్చిన పరిశోధన ఒకటుంది, అది నాకు చాలా ఇష్టం. కానాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మందు ఉంది. అది రక్తంలోని చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపిస్తుంది, రోజుకు దాదాపు 360 కేలరీలు అలా పోతాయి. పోతున్నట్టు మనిషికి తెలియదు. డైటింగ్ చేస్తున్నాననే ఆలోచన ఉండదు, కోరిక బిగపట్టుకోవడం ఉండదు. ఆ మందు వాడినవాళ్ళ బరువు ఏడాదిపాటు గమనించి, వాళ్ళు తెలియకుండానే ఎంత ఎక్కువ తింటున్నారో 2016లో కెవిన్ హాల్ బృందమే లెక్క కట్టింది. తగ్గిన ప్రతి కిలోకూ ఆకలి రోజుకు సుమారు 100 కేలరీలు పెరిగింది. అదే కిలోకు శరీరం చేసే ఖర్చు తగ్గేది 20, 30 కేలరీలే.

దీన్ని మన కంచంలోకి తెచ్చుకుందాం. ఐదు కిలోలు తగ్గిన మనిషికి శరీరం మునుపటికంటే రోజుకు 500 కేలరీలు ఎక్కువ అడుగుతుంది. 500 కేలరీలంటే వండిన అన్నం దాదాపు నాలుగు వందల గ్రాములు, పెద్ద కంచం నిండుతుంది. రోజూ, నెలల తరబడి, ఎవరికీ కనబడకుండా ఆ కంచం లోపలినుంచి అడుగుతూనే ఉంటుంది. "నాకు నోరు కట్టుకోవడం రాదు" అని తమను తాము తిట్టుకునేవాళ్ళు ఈ మాట వినాలి. ముఖ్యంగా ఆడవాళ్ళు. అది మీ గుణదోషం కాదు, తగ్గిన బరువును తిరిగి తెచ్చుకోవాలని శరీరం చేసే ప్రయత్నం. 1994లో కనిపెట్టిన లెప్టిన్ అనే హార్మోన్ కొవ్వు కణాల్లో తయారవుతుంది. కొవ్వు తగ్గితే అదీ తగ్గుతుంది, మెదడుకు కరువు కబురు వెళుతుంది. బాగా బరువు తగ్గిన మనుషుల్లో ఏడాది గడిచాక కూడా ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు.

అందుకే ఆకలిని నెమ్మదిగా ఉంచే భోజనానికి అంత విలువ. పెరుగుతున్న ఆ ఒత్తిడికి ఎదురుగా నిలబడేవాటిలో అదొకటి. అయినా అది ఒత్తిడిని పూర్తిగా చెరిపెయ్యలేదు. ఇజ్రాయెల్‌లోని డిమోనాలో ఒకే చోట పనిచేసే 322 మందిని రెండేళ్ళపాటు గమనించిన అధ్యయనం 2008లో వచ్చింది. మధ్యాహ్న భోజనం అక్కడి క్యాంటీన్లోనే. కొవ్వు తగ్గించినవాళ్ళు సగటున 2.9 కిలోలు, మధ్యధరా ప్రాంతపు భోజనం తిన్నవాళ్ళు 4.4 కిలోలు, పిండి పదార్థాలు తగ్గించినవాళ్ళు 4.7 కిలోలు తగ్గారు. పిండి పదార్థాలు తగ్గించినవాళ్ళు మొదటి ఆరు నెలల్లోనే ఎక్కువ తగ్గి, ఆ తరవాత తగ్గడం ఆగి, కొంత తిరిగి పెరిగారు. రెండేళ్ళకు 4.7 కిలోలు. ప్రకటనల్లో వినే అంకెలకూ దీనికీ ఎక్కడా పొంతన లేదు కదా. 2018లో స్టాన్‌ఫోర్డ్‌లో 609 మంది మీద ఏడాదిపాటు చేసిన పరీక్షలో కొవ్వు తగ్గించినవాళ్ళు 5.3 కిలోలు, పిండి పదార్థాలు తగ్గించినవాళ్ళు 6 కిలోలు తగ్గారు. రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. కానీ రెండు గుంపుల్లోనూ కొందరు పాతిక కిలోలకు పైగా తగ్గారు, కొందరు బరువు పెరిగారు కూడా. సగటు వెనక ఇంత తేడా ఉన్నప్పుడు పక్కింటివాళ్ళ తూకంతో మన తూకం పోల్చుకోవడంలో అర్థం లేదు.

ఇక మన వంటింటి సంగతి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతా చేసిన సర్వే ప్రకారం మన తిండిలో 62 శాతం శక్తి పిండి పదార్థాల నుంచే వస్తోంది, మాంసకృత్తుల వాటా 12 శాతమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతానికి మించొద్దంటున్నాయి. అంటే మనలో చాలామందికి పిండి పదార్థాలు దాదాపు మానేసే కీటో పద్ధతి దాకా పోనక్కర్లేదు. అన్నం సగం చేసి, కూర రెండింతలు చేస్తేనే పెద్ద మార్పు. ఒక మాట చెప్పాలి. చిరుధాన్యాలు తింటే ఎంతైనా తినొచ్చని కొందరు అనుకుంటున్నారు. కొర్రలు, రాగులు, జొన్నలు, సజ్జలు మంచివే, పీచు ఉంటుంది. కానీ నూరు గ్రాముల్లో 60 నుంచి 70 గ్రాముల దాకా పిండి పదార్థాలే. అన్నం బదులు అంతే కొర్రన్నం తింటే పిండి పదార్థాలు తగ్గించినట్టు కాదు.

మన భోజనానికి ఒక వరస ఉంది. పచ్చడిలోకి ఒక విడత అన్నం, పప్పులోకి ఒక విడత, పులుసులోకో చారులోకో ఒక విడత, చివర పెరుగులోకి. పెరుగన్నం పడకపోతే భోజనం ముగిసినట్టుండదు. చక్కటి వరసే, నాకూ ఇష్టమే. అయితే ఇందులో ఆకలి ఎక్కడ తీరిందో తెలుసుకునే వీలు లేదు. రెండో విడతకే కడుపు నిండినా, వరస ముగియలేదు కనుక తింటూనే ఉంటాం. దీనికి నేను చెప్పే ఉపాయం చిన్నది. కూర, పప్పు, గుడ్డో చేపో ముందు తినండి, అన్నం వాటిలోకి కొద్దిగా. పెరుగు గిన్నెలో విడిగా తినండి. ఆ తరవాత కాసేపు ఆగి చూడండి. ఇంకా ఆకలి ఉంటే కూర మారు వడ్డించుకోండి. మొదట్లో వెలితిగా ఉంటుంది. వారం పది రోజులు పోయాక, మీ కడుపు ఎప్పుడు చాలంటుందో మీకే తెలియడం మొదలవుతుంది.

ఏది ఆకలో, ఏది ఆకలి కాదో తెలుసుకోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే. సాయంత్రం మిర్చిబజ్జీల వాసనకు పుట్టేది ఒకటి. విసుగుకు, దిగులుకు పుట్టేది ఇంకొకటి. దాహాన్ని కూడా ఆకలనుకుంటాం. ఉడకబెట్టిన గుడ్డు గానీ, గ్లాసుడు పలుచని మజ్జిగ గానీ ఎదురుగా పెడితే "ఇదైనా సరే" అనిపిస్తే అది ఆకలి, తినాల్సిందే. "ఇది కాదు, ఇంకేదో కావాలి" అనిపిస్తే కాసేపు ఆగవచ్చు. నిద్ర తగ్గినా ఆకలి పెరుగుతుంది. షికాగోలో పన్నెండు మంది యువకుల్ని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే గ్రెలిన్ 28 శాతం పెరిగిందని, లెప్టిన్ 18 శాతం తగ్గిందని 2004లోనే చూపించారు. అర్ధరాత్రి దాకా ఫోన్లు చూసి, పొద్దున్నే లేచి, తూకం కదలడం లేదని బాధపడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

తూకం నిజంగానే ఆగిపోయిందని చెప్పే చాలామంది ఇళ్ళల్లో నాకు కనిపించేవి పల్లీలు. అన్నం మానేశాం కదా అని వేయించిన పల్లీలు డబ్బాలో పోసుకుని కూర్చుంటారు. నూరు గ్రాముల పల్లీల్లో 560 కేలరీలకు పైనే. ఆకలితో గుప్పెడు తింటే మంచిది, చెయ్యి ఊరికే ఉండలేక తింటే డబ్బా సగమవుతుంది. ఇక ఇల్లాళ్ళది ప్రత్యేకమైన కష్టం. పిల్లలు వదిలేసిన అన్నం, గిన్నె అడుగున మిగిలిన పులిహోర పారేయడానికి చేతులు రావు. ఆ ముద్దలు ఆకలి వల్ల తిన్నవి కావు, లెక్కలోకీ రావు. ఆ ఇంటి బియ్యం కొలతే కొంచెం తగ్గించాలి. అది ఆమె ఒక్కతే తీసుకునే నిర్ణయంగా మిగిలిపోకూడదు, ఇంట్లో అందరూ ఆమెకు తోడు రావాలి.

దీనికి పూర్తిగా ఎదురైన పొరపాటు ఇంకోటుంది. ఆకలి తగ్గింది కదా అని ఒక పూట మానేసి, రెండో పూట మజ్జిగతో సరిపెట్టి, తూకాన్ని తోసి పరుగెత్తించాలని చూస్తారు. అప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. జుట్టు రాలుతుంది. మరీ వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది. పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని ఐసీఎంఆర్ లెక్క. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములుంటాయి, మామూలు కప్పుడు పప్పులో అటూ ఇటూగా అంతే. శాకాహారులకు ఇది తేలిక కాదు. పెరుగు, పనీరు, పప్పులు, మీల్‌మేకర్ అన్నీ కలిపి ప్లాను చేసుకుంటే గానీ కుదరదు. ఆకలి తక్కువున్న రోజుల్లో తినే ఆ కొంచెంలోనే ఇవి ముందు ఉండాలి.

బరువు చూసుకోవద్దని నేననడం లేదు. నీరు, ఉప్పు, మలబద్ధకం, ఆడవాళ్ళకు నెలసరి, వీటివల్ల ఒకటి రెండు కిలోలు రోజురోజుకూ అటూ ఇటూ అవుతాయి. ఊరగాయతో తిన్న మర్నాడు పెరిగిన అరకిలో కొవ్వు కాదు. వారానికోసారి పొద్దున్నే పరగడుపున చూసుకుని, నెలకూ నెలకూ పోల్చుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో టేపుతో నడుము కొలుచుకోండి. మనవాళ్ళలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలంటారు. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్టలో మాత్రమే కొవ్వు చేరడం మన దేశంలో ఎక్కువ. అందుకని కొందరిలో తూకం కదలకపోయినా నడుము తగ్గుతుంది. పక్కనే ఒక కాగితం మీద రోజుకు ఒక్క మాట రాసుకోండి. ఈ రోజు భోజనానికీ భోజనానికీ మధ్య ఆకలేసిందా, లేదా. నెలాఖరున ఆ కాగితం చూస్తే, ఐదో వారంలో మానెయ్యాలా వద్దా అన్నది తూకం కంటే బాగా తెలుస్తుంది. ఆకలి నెమ్మదిగా ఉండి, నడుము తగ్గుతుంటే మార్చవలసిందేమీ లేదు. ఆకలి మళ్ళీ పెరిగితే ముందు నిద్ర చూడండి, తరవాత మాంసకృత్తులు చూడండి, ఆ తరవాత కూరలు తగ్గాయేమో చూడండి. ఆ మూడూ చూడకుండా తిండి ఇంకా తగ్గించకండి.

షుగరు, బీపీ మందులు వాడేవాళ్ళు మాత్రం ఇవేవీ సొంతంగా మొదలుపెట్టొద్దు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వేసుకుంటూ అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతూ పిండి పదార్థాలు మరీ తగ్గిస్తే, చక్కెర మామూలుగానే ఉన్నా రక్తంలో కీటో ఆమ్లాలు పెరిగిపోయి ప్రాణం మీదికి రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. బీపీ మాత్రల మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరు చెప్పందే తిండిలో ఇంత మార్పు చెయ్యకూడదు. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు మందుల చీటీతో పాటు, ఏ పూట ఎంత అన్నం తింటున్నారో, ఎంతకు తగ్గించాలనుకుంటున్నారో కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. "డైటింగ్ చేస్తున్నాను" అంటే ఆయనకు ఏమీ తెలియదు. "మధ్యాహ్నం రెండు కప్పుల అన్నం ఒక కప్పు చేస్తున్నాను, రాత్రి మానేస్తున్నాను" అంటే ఏ మాత్ర ఎంత తగ్గించాలో అక్కడికక్కడే చెప్పగలుగుతారు. మొదటి రెండు వారాలు ఇంట్లో చక్కెర పరీక్ష ఎన్నిసార్లు చేసుకోవాలో కూడా అడిగి రాయించుకోండి.